కట్టని నేస్తం

14

చందన్‌బారీ లాడ్జిలో పొద్దున్న టీ వచ్చేసరికి డంబర్ మాస్టారు భార్య తులసాతో మాట మానేసి మూడో రోజు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఫూల్‌మాయకు చెబుతున్నారు. తులసా ఆ మాటను ఫూల్‌మాయ నోటి మీదుగా వినాలి. ముగ్గురూ కూర్చున్నది ఒకే బల్ల మీద, మోచేతులు తగిలేంత దగ్గరగా.

"మితినీ, గొడుగు ఆరిందో లేదో చూడమనండి," అన్నారు మాస్టారు టీ గ్లాసులోకి చూస్తూ.

"గొడుగు ఆరింది మాస్టారూ. మీ ఆవిడ చెవులు కూడా బాగానే పనిచేస్తున్నాయి," అంది ఫూల్‌మాయ.

తులసా నవ్వలేదు. అటుకుల సంచీ మూతి బిగించి, వేయించిన సోయా గింజలు మూడు పొట్లాలు కట్టి, ఒకటి మాస్టారి ముందుకు తోసింది. ఆయన దాన్ని ఫూల్‌మాయ ముందుకు తోశారు. ఫూల్‌మాయ మళ్ళీ ఆయన కోటు జేబులో పెట్టింది. అంత చిన్న పనికి ముగ్గురు మనుషులు కావాల్సి వచ్చింది.

ఆ లాడ్జిలో తిన్నవాళ్ళకే మంచం. పప్పూ అన్నం పళ్ళెం చెబితే ఎన్నిసార్లయినా వడ్డిస్తారు, మంచానికి వేరే ఏమీ ఇవ్వక్కర్లేదు. మాస్టారు నిన్న సాయంత్రం ఒక్క పళ్ళెం చెప్పి ముగ్గురి మధ్యా పెట్టించారు. మూడోసారి వడ్డించడానికి వచ్చిన లాడ్జి ఆవిడ గరిటె గాల్లోనే ఆపి, ఈ పళ్ళేనికి ఎన్ని నోళ్ళున్నాయో ముందే చెబితే తనకు తేలికగా ఉంటుందని అంది. దాంతో మంచాలు పోయి, పొయ్యి పక్కన బల్లలే పడకలయ్యాయి. తులసా సిగ్గుతో చచ్చిపోయింది. యాత్రకు వచ్చింది సుఖపడటానికి కాదని మాస్టారు ఫూల్‌మాయకు చెప్పి, కోటు తలకింద పెట్టుకుని నిద్రపోయారు.

అంత పొదుపు మనిషి, కర్సాంగ్ తన జీపులో ధున్‌చే దాకా ఊరికే దింపుతానంటే ఒప్పుకోలేదు. ఆ జీపెక్కితే పిల్లవాణ్ణి అల్లుడిగా ఒప్పుకున్నట్టు అవుతుందట. త్రిశూలి నుంచి కిక్కిరిసిన బస్సులో, ఎవరిదో మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని వచ్చారు.

కర్సాంగ్ ఫూల్‌మాయ కొడుకు. మాస్టారి కూతురు బిపనా చేసుకుంటే అతన్నే చేసుకుంటానంటోంది.

ఆ మాట ఇంట్లో బయటపడ్డ రోజున మాస్టారు కులం ఎత్తలేదు. ఎత్తలేరు కూడా. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలందర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టి, మనుషులంతా ఒక్కటేనని బల్ల గుద్ది చెప్పిన నోరు అది. ఆ నోటితోనే తామాంగ్ పిల్లవాడు నాకు అల్లుడు కాకూడదని ఎలా అంటారు? ఆయనకు నేస్తం అనే సాకు దొరికింది. నీ తల్లీ అతని తల్లీ దేవుడి ఎదుట నేస్తం కట్టుకున్న మితినీలు, మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళు, ఏడు తరాల దాకా ఈ ఇళ్ళ మధ్య పెళ్ళి మాట ఉండదు అన్నారు. అన్నాక ఆయన ముఖం తేటపడింది. బిపనా ముఖంలో రక్తం లేకుండా పోయింది.

అప్పుడు తులసా, ఇరవై రెండేళ్ళు దాచిన మాటను వంటింటి గుమ్మంలో నిలబడి బయటపెట్టింది. ఆ నేస్తం ఎప్పుడూ కట్టుకోలేదని చెప్పింది.

మాస్టారు నమ్మలేదు. కూతురి కోసం తల్లి ఎంతకైనా తెగిస్తుందన్నారు. చివరికి ఆయనే షరతు పెట్టారు. నాలుగు రోజుల్లో జనై పున్నమి, జంధ్యాలు మార్చుకునే పండగ. ఇద్దరూ కొండ పైనున్న గోసాయికుండం సరస్సులో దిగి, నీళ్ళు దోసిట పట్టి ఆ మాట అనాలి. అంటే కన్యాదానం తన చేతులతో తనే చేస్తారు. అనకపోతే ఈ పెళ్ళి మాట ఇంకెప్పుడూ ఆ ఇంట్లో వినపడకూడదు. గోసాయికుండంలో నిలబడి అబద్ధమాడే ఆడది ఈ కొండల్లో పుట్టలేదని ఆయన ధైర్యం.

బిపనా ఆస్పత్రిలో నర్సు, సొంతంగా సంపాదించుకుంటున్న పిల్ల. కోర్టులో సంతకాలు పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళనంది. "నాన్న నా నుదుట తిలకం పెట్టి పంపితేనే వెళ్తాను. లేదంటే ఇక్కడే ఉంటాను, ఇంకెవర్నీ చేసుకోను," అంది. అని డ్యూటీకి పోయింది. ఆ రోజు నుంచీ ఇంట్లో ఆమె పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉంటోంది.

*

చోలాంగ్‌పాటి ఎక్కుడు మొదలయ్యాక మాస్టారు కర్ర ఊతం చేసుకుంటూ ముందు పోయారు. సన్నటి వాన. దారి పొడుగునా జనం, తడిసిన సంచులు, చంకల్లో పిల్లలు, గుర్రాల మీద పట్నం వాళ్ళు. పైన మబ్బులో ఎక్కడో హెలికాప్టరు చప్పుడు అయింది. దేవుడి దగ్గరికి పావుగంటలో పోయేవాళ్ళు కూడా ఉన్నారని ఫూల్‌మాయ తలెత్తి చూసి, మనమైతే మోకాళ్ళు అరగదీసుకుని పోతున్నాం కాబట్టి మనల్నే ముందు పలకరిస్తాడులెండి అంది.

తులసాకు రెండు రోజుల తర్వాత కాస్త ఊపిరాడింది. మొగుడు వినేంత దగ్గర్లో లేడు.

"రేపు ఈపాటికి అయిపోతుంది మితినీ. రెండు ముక్కలు. కట్టలేదని నేనంటాను, కట్టలేదని మీరంటారు. అంతేగా."

ఫూల్‌మాయ జారుడు రాయి మీద కాలు నిలదొక్కుకుని, తులసాకు చెయ్యి అందించింది.

ఇరవై రెండేళ్ళ కిందట కూడా ఇదే దారి, ఇదే వాన. అత్తగారి మొక్కు తీర్చడానికి తులసా ఎనిమిది నెలల బిపనాను వీపున కట్టుకుని ఊరివాళ్ళతో బయల్దేరింది. లౌరీబినా చేరేసరికి పసిదానికి ఒళ్ళు కాలిపోతోంది. పున్నమి ఘడియ దాటిపోతుందని ఊరివాళ్ళు ముందుకు పోయారు. దారి పక్క చమరీ ఆవుల కొట్టంలో వెన్న చిలుకుతున్న ఒకామె లేచి వచ్చి, పేరైనా అడక్కుండా బిడ్డను తీసుకుని పొయ్యి దగ్గర పడుకోబెట్టింది. ఆమే ఫూల్‌మాయ. మూడు రోజులు తులసా ఆమె వండిన అన్నం తింది, ఆమె దుప్పట్లోనే పడుకుంది. బిడ్డకు చెమట పట్టి కళ్ళు తెరిచాక, కుండం ముఖం చూడకుండానే కొండ దిగిపోయింది.

ఇంటికొచ్చాక అత్తగారు మొదట అడిగింది, ఎవరి చేతి అన్నం తిన్నావని. ఆ రోజుల్లో తామాంగ్ చేతి అన్నం తిన్నానంటే వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. పసిదాన్ని చంకన వేసుకుని గుమ్మం బయట నిలబడ్డ పిల్ల ఏమంటుంది? కుండం దగ్గర నేస్తం కట్టుకున్నానత్తయ్యా, మీకు ఇంకో కూతురు దొరికింది అంది. నేస్తం తోబుట్టువుతో సమానం. తోబుట్టువు చేతి అన్నానికి మైల ఏముంటుంది? పెద్దావిడ పక్కకు తప్పుకుని దారిచ్చింది.

ఆ ఏడు దశైంకు, అంటే దసరాకు, ఫూల్‌మాయకు కబురూ చీరా వెళ్ళాయి. ఎందుకో తెలియని ఫూల్‌మాయ నెయ్యి డబ్బా పట్టుకుని కొండ దిగి వచ్చింది. గుమ్మంలోనే పెద్దావిడ ఆమె నుదుట తిలకం దిద్ది, రా తల్లీ అంది. ఫూల్‌మాయ తులసా వైపు చూసింది. తులసా కళ్ళతోనే కాళ్ళ మీద పడింది. ఫూల్‌మాయ తల వంచి పెద్దావిడకు దండం పెట్టింది. అంతే. అప్పట్నుంచీ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. నెయ్యి దిగింది, బియ్యం ఎక్కింది, పండగలకు రాకపోకలు నడిచాయి. నెయ్యి డబ్బాలు మోసుకొచ్చే పనిలో కర్సాంగ్ పెద్దవాడై, జీపు నేర్చుకుని, గుమ్మంలో డబ్బా అందుకునే పిల్లను చూశాడు.

"మాట్లాడరేం?" అంది తులసా.

ఫూల్‌మాయ నడక ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీ అత్తగారు నాకు తిలకం పెట్టారు చూడండి, ఆ తర్వాత నేనేం చేశానో మీకు తెలీదు."

"ఏం చేశారు?"

"మరుసటేడు జనై పున్నమికి కుండానికి పోయాను. ఒక్కదాన్నే. నేస్తం కట్టేవాళ్ళు మార్చుకునే పూలదండలు రెండు పట్టుకుపోయాను. ఒకటి మీ తరఫున నేనే మెళ్ళో వేసుకున్నాను. నాది నీళ్ళలో వదిలాను. ఇది తులసాకు చేర్చు స్వామీ, ఇవాళ్టి నుంచి ఆమె నా తోబుట్టువు అని చెప్పాను. ఆ పెద్దావిడ అంత నమ్మకంగా కూతురా అంది. ఆ మాట ఉత్తదే అయిపోతుందంటే నాకు మనసొప్పలేదు."

తులసా దారి పక్క రాతి గోడ పట్టుకుంది.

"నాకు ఎప్పుడూ చెప్పలేదే."

"ఏమని చెప్పను? నేస్తం కట్టేశామని మీరు అప్పటికే ఊరంతా చెప్పారు. కొత్తగా చెప్పడానికి నాకేం మిగిలింది?"

గుర్రం మీద పోతున్న ఒకతను పక్కకు జరగమని కేక వేశాడు. ఇద్దరూ గోడకు అంటుకుని నిలబడ్డారు. 

"ఒక్కరే కడితే కట్టినట్టు కాదు మితినీ," అంది తులసా మెల్లగా. "పురోహితుడు లేడు. నేనే లేను. అది లెక్కలోకి రాదు."

"మీకు రాదేమో."

"రేపు మరి?"

"రేపటి సంగతి రేపు చూద్దాం. ముందు ఈ ఎక్కుడు ఎక్కనివ్వండి."

తులసాకు ఒక్కసారి కోపం వచ్చింది. భయంలోంచి వచ్చే కోపం, ఆపుకుందామన్నా ఆగదు. ఇరవై రెండేళ్ళు లేని భక్తి ఇవాళ ఎక్కడినుంచి వచ్చిందని అడిగింది. అక్కడ ఆ పిల్ల అన్నం ముట్టడం లేదని, కర్సాంగ్ మీ కడుపున పుట్టినవాడు కాదా అని, వాడి సుఖం మీకు అక్కర్లేదా అని అడిగింది. ఇంకా ఏమేమో అంది.

ఫూల్‌మాయ అంతా విన్నది.

"అక్కర్లేకపోతే ఈ మోకాళ్ళతో ఇంత దూరం ఎందుకొస్తాను?" అని, ముందుకు నడిచింది.

*

లౌరీబినా చేరేసరికి మాస్టారికి తల పగిలిపోతోంది. కొండగాలి పట్టేసింది. టీ దుకాణం అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుని, ఒక్కో గట్టు ఎక్కేకొద్దీ టీ ధర కూడా ఎక్కుతోందని, దేవుడి దగ్గర ఎంతుంటుందోనని గొణుగుతున్నారు. ఫూల్‌మాయ దుకాణం పొయ్యి దగ్గర తనే కూర్చుని వెల్లుల్లి దంచి చారు కాచి తెచ్చింది. ఈ ఊళ్ళో సగం మంది ఆమె చుట్టాలే.

చారు సగం తాగాక మాస్టారు మూడు రోజుల మౌనం వదిలేశారు. వదిలింది కూడా మంచి మాటతో కాదు.

"మా అమ్మకు అబద్ధం తినిపించావు తులసా."

"మీ అమ్మకు నిజం తినిపిస్తే నన్నూ నా బిడ్డనూ ఇంట్లోకి రానిచ్చేవారా? మీరు రానిచ్చేవారా? నా ముఖం చూసి చెప్పండి."

మాస్టారు ఆమె ముఖం చూడలేదు.

"నాతో చెప్పొచ్చు కదా. అప్పుడు కాకపోతే తర్వాత. ఇన్నేళ్ళు పక్కన పడుకున్నావు."

"చెప్పేదాన్నే. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ భయం. ఆవిడ పోయాక..." తులసా ఆగి, ఫూల్‌మాయ వైపు చూసింది. "ఆవిడ పోయాక అది అబద్ధమన్న సంగతే మర్చిపోయాను. నిజంగా మర్చిపోయానండీ."

అది అబద్ధం కాదు. కొన్ని అబద్ధాలు అంతే, రోజూ వాడుకుంటే మామూలు సామాన్లలో కలిసిపోతాయి.

మాస్టారు ఫూల్‌మాయ వైపు తిరిగారు. ఆయన గొంతులో బెదిరింపు ఏమీ లేదు. మా అమ్మ చివరి నెలంతా మీ చేతి గంజి తప్ప ఇంకేమీ ముట్టలేదన్నారు. సొంత కూతుళ్ళొచ్చినా మిమ్మల్నే పిలిచేదన్నారు. ఆ తర్వాత అడిగారు.

"మితినీ, నా కోసం వద్దు, ఆవిడ కోసం చెప్పండి. ఇదంతా ఉత్తదేనా?"

"అడగాల్సిన చోటేదో మీరే చెప్పారు మాస్టారూ. అక్కడే చెబుతాను," అంది ఫూల్‌మాయ. ఖాళీ గిన్నె తీసుకుని కడగడానికి పోయింది.

మాస్టారు ఆమె వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయారు. ఆయనకు పెళ్ళి ఆగిపోవాలని ఉంది. తల్లిని అన్నాళ్ళు చూసుకున్న మనిషి పరాయిది కాకూడదనీ ఉంది. ఆ రెండూ ఒకే జవాబుతో తీరతాయి. అందుకే ఆయన ఆశపడ్డారు. తులసా ఆయన ముఖంలో ఆ ఆశ చూసి, తలుపు చాటుకు పోయి ఏడ్చింది.

*

పున్నమి పొద్దున్న కుండం చుట్టూ జనం. నెమలి ఈకలు తలకు కట్టుకున్న ఝాంక్రీ భూతవైద్యులు డోళ్ళు వాయిస్తూ ఒడ్డు చుట్టూ తిరుగుతున్నారు. పురోహితులు రాళ్ళ మీద కూర్చుని మణికట్టులకు దారాలు కడుతున్నారు. మంచు తెర ఒకసారి లేచి నీళ్ళు నల్లగా కనబడ్డాయి, మళ్ళీ కప్పేసింది. తులసా ఆ నీళ్ళను చూడటం ఇదే మొదలు. దండం పెట్టుకోవడానికి చేతులు లేచాయి గానీ ఏమని కోరుకోవాలో తోచలేదు.

మాస్టారు జనానికి కాస్త దూరంగా ఒక చోటు చూశారు. కోటు జేబులోంచి నోటుపుస్తకం కాగితం తీశారు. అనాల్సిన మాటలు ఇంటి దగ్గరే రాసుకొచ్చారు. ఏ మాటకూ సందు ఉండకూడదు కదా, బడిపంతులు. డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో ముక్కా తను చదువుతానని, వెనకాలే అనాలని చెప్పారు.

మొదట తులసా దిగింది. నీళ్ళు కాళ్ళను కోసేశాయి. నడుం లోతుకు వచ్చేసరికి ఊపిరి అందలేదు. దోసిలి పట్టింది.

"ఫూల్‌మాయ తామాంగ్‌తో," అన్నారు మాస్టారు.

"ఫూల్‌మాయ తామాంగ్‌తో."

"నేను ఏనాడూ నేస్తం కట్టుకోలేదు."

"నేను ఏనాడూ నేస్తం కట్టుకోలేదు."

"ఆమె నాకు మితినీ కాదు. ఏమీ కాదు."

తులసా నోరు అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఏమీ కాదన్న మాట ఉంటుందని ఆమె అనుకోలేదు. బిపనా పళ్ళెం గుర్తొచ్చింది. అనేసింది. దోసిట్లో నీళ్ళు వదిలి, వణుకుతూ ఒడ్డుకు వచ్చింది. నిజమే చెప్పింది, అయినా దొంగతనం చేసి వచ్చినట్టుంది.

ఫూల్‌మాయ చెప్పులు విడిచి, పక్కపక్కనే సర్దిపెట్టి, నీళ్ళలో దిగింది. ఈ చలి ఆమెకు కొత్త కాదు. తొణక్కుండా నడుం లోతుకు పోయి, దోసిలి పట్టి నిలబడింది.

మాస్టారు మొదటి ముక్క చదివారు. ఆమె అనలేదు. ఆయన మళ్ళీ చదివారు. డోళ్ళ చప్పుడు దగ్గరికొచ్చి, మళ్ళీ దూరమైంది. ఫూల్‌మాయ నీళ్ళలోకే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి గానీ అది మాస్టారు చదివిన మాట కాదు. ఎవరికో ఏదో విన్నవించుకుంటోంది.

తులసా ఒడ్డున నిలబడి రెండు చేతులూ జోడించింది. దేవుడికో ఫూల్‌మాయకో ఆమెకే తెలియలేదు.

"మితినీ," అన్నారు మాస్టారు. ఆ పిలుపులో బతిమాలడం ఉంది. "అనలేకపోతే వద్దు. వచ్చేయండి. ఎవరూ ఏమీ అనుకోరు."

ఫూల్‌మాయ తలెత్తి ఆయన వైపు చూసింది.

"మాస్టారూ, ఇంకోసారి చదవండి. ఈసారి ఆపకుండా చదవండి."

ఆయన చదివారు.  ఆమె ఒక్కో ముక్కా అంది, గొంతు ఎక్కడా తడబడకుండా అంది. తులసా నాకు మితినీ కాదంది. ఏమీ కాదంది. దోసిలి విప్పింది.

మాస్టారు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. మాట తప్పే మనిషి కాదాయన. పెళ్ళి నేను చేస్తానని, మంచిరోజు చూడమని పురోహితుణ్ణి అడుగుతానని అన్నారు, ఎవరితో అంటున్నారో తెలియకుండా. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ జనంలోకి పోయారు. ఆయన భుజాలు చూస్తే ఇప్పుడే తల్లికి కొరివి పెట్టి వస్తున్నట్టున్నాయి.

తులసా పొడి శాలువా పట్టుకుని పరుగెత్తింది. సంతోషం, సిగ్గు, చలి అన్నీ కలిసి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఫూల్‌మాయ ఒక రాతి మీద కూర్చుని కొంగు పిండుకుంటోంది. తులసా శాలువా కప్పబోతే చెయ్యి అడ్డు పెట్టింది. తోసేయలేదు, కోపమూ లేదు. తన మూటలోంచి తన పాత దుప్పటి తీసి కప్పుకుంది.

"మితినీ..."

"అలా పిలవకండి. ఇప్పుడేగా కాదన్నాం."

"అది ఆయన కోసం అన్నాం. పిల్లల కోసం అన్నాం. మన మధ్య ఏమైంది?"

ఫూల్‌మాయ తడి జుట్టు ముడి వేసుకుంది.

"మీరు నీళ్ళలో నిజం చెప్పారు. నేను అబద్ధం చెప్పాను. ఆ పాపం ఎటు పోతుందంటారు? ఎవరి పెళ్ళి కోసం చెప్పానో వాళ్ళ మీదికే పోతుంది. వాళ్ళకు పుట్టేవాళ్ళ మీదికి పోతుంది. నా కొడుకు మీదికి, మీ కూతురి మీదికి నేను పంపను."

"దేవుడికి అన్నీ తెలుసండీ. ఆయన అంత పట్టింపు మనిషి కాదు."

"ఆయన సంగతి నాకు తెలీదు. నా సంగతి చెబుతున్నాను. ఆ మాట అబద్ధం కాకుండా పోవడానికి ఒకటే దారి ఉంది. ఇవాళ్టి నుంచి దాన్ని నిజం చెయ్యాలి. ఏమీ కాదన్నాను. ఇక ఏమీ కాకుండా బతుకుతాను."

తులసాకు అర్థమవడానికి సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా నమ్మలేదు. పెళ్ళి మాట ఏమిటని అడిగింది. వియ్యపురాలివి నువ్వు కాదా అని, మొదటిసారి మన్నన మర్చిపోయి అడిగింది.

"వాడి పెద్దమ్మ ఉంది. తల్లి చోట ఆమె కూర్చుంటుంది. నేను వస్తే మీకు వియ్యపురాలినవుతాను. అదీ ఏదో ఒకటి అయినట్టే కదా."

"ఒక్కగానొక్క కొడుకు."

"అవును."

ఆ ఒక్క మాట అని ఫూల్‌మాయ ముఖం నీళ్ళ వైపు తిప్పుకుంది. తులసా ఆమె మోకాళ్ళ దగ్గర కూలబడి, ఇప్పుడే ఆయన్ని పిలుస్తానని, అంతా చెప్పేస్తానని, ఈ పెళ్ళి వద్దే వద్దని అంది. అంటూనే బిపనా గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఫూల్‌మాయ ఆమె మూసుకున్న నోటినే చూసింది. తప్పు పట్టలేదు. తనైనా అంతే చేసేది.

"మీ అత్తగారు పోయినప్పుడు సొంతవాళ్ళలా మైల పట్టి ఐదు రోజులు ఉప్పు మానాను," అంది ఫూల్‌మాయ లేచి మూట భుజాన వేసుకుంటూ. "మీ నాన్నగారు పోయినప్పుడూ మానాను. మావాళ్ళు నవ్వారు, మన ఆచారం కాదు కదా అని. అయినా మానాను. ఇక మీరు పోయారని కబురొచ్చినా ఉప్పు వేసుకునే తింటాను. నా కబురొస్తే మీరూ తినండి. ఇది ఒక్కటే మిమ్మల్ని అడిగేది."

ఆమె చెప్పులు వేసుకుని దారి పట్టింది. 

కొంగున ముడివేసిన ఫోను మోగింది. బిపనా. డోళ్ళ చప్పుడులో ఆ పిల్ల గొంతు సన్నగా వినబడింది. నాన్న ఇప్పుడే ఫోన్ చేశారట. ఒప్పుకున్నానని ఆయన నోటితోనే చెప్పారట. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నానని, అందరూ తననే చూస్తున్నారని, ఎన్నాళ్ళకో ఆకలేస్తోందని చెప్పింది.

"తిను తల్లీ. ముందు వెళ్ళి కడుపునిండా తిను."

"తింటానమ్మా. ఒక్క మాట. ఫూల్‌మాయ మిత్ అమ్మకు ఫోనివ్వు. ఆవిడ కాళ్ళకు దండం పెడుతున్నానని నేనే చెప్పాలి."

ఫూల్‌మాయ ఇంకా ఎంతో దూరం పోలేదు. మొదటి మలుపు దగ్గర, కిందికి దిగే జనం కోసం పక్కకు తప్పుకుని ఆగింది. గట్టిగా పిలిస్తే వినబడుతుంది.

తులసా లేచి నిలబడింది. నోరు తెరిచింది. ఏమని పిలవాలో ఆమెకు తెలియలేదు.

"అమ్మా, ఉన్నావా? ఇవ్వమ్మా," అంటోంది బిపనా.